ఏ విజయ? పాత పాల బూత్ జ్ఞాపకం వెనక ఉన్న లెక్క

విజయ పాలు అనగానే వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో నలభై ఏళ్లు దాటినవాళ్లకు ఒక బూత్ గుర్తొస్తుంది. బస్టాండు పక్కనో, ఆసుపత్రి గేటు ముందో చిన్న గది. కిటికీ దగ్గర ప్లాస్టిక్ ట్రేలు, లోపల గురగురమనే డీప్ ఫ్రిజ్, గోడకు ఆనించిన సీసాల కేసులు. పొద్దున పాల ప్యాకెట్లు, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం బాదం పాలు, చేతిలో ఇంకో రూపాయి ఉంటే కప్పు ఐస్‌క్రీమ్. ఇప్పుడు అదే పేరు చెప్పి ప్యాకెట్ అడిగితే కొన్నిచోట్ల దుకాణదారు "ఏ విజయ?" అని ఎదురు అడుగుతున్నాడు. ఒకే ఫ్రిజ్‌లో రెండు విజయలు ఉండొచ్చు. వాటి రంగు, గుర్తు, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే చిరునామా వేరు. ఐస్‌క్రీమ్ విషయంలోనూ ఇలాంటి తికమకే ఉంది. కప్పు మీద ఐస్‌క్రీమ్ అని ఉందా, ఫ్రోజెన్ డిజర్ట్ అని ఉందా అన్నది చాలామంది చూడరు. చూసినవాళ్లకు తేడా ఏమిటో తెలియదు.

క్లుప్తంగా

విజయ అనే పేరు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాల సమాఖ్య పెట్టుకున్నది. 1995 సహకార చట్టం వచ్చాక కొన్ని జిల్లా సంఘాలు సమాఖ్య నుంచి తప్పుకున్నాయి. 2014లో రాష్ట్రమే రెండుగా విడిపోయింది. పేరు మాత్రం ఒకరికంటే ఎక్కువ చేతుల్లో మిగిలిపోయింది. జనం గుర్తుపెట్టుకున్న రుచి ఆ పేరులోంచి రాలేదు. బర్రె పాల కొవ్వు, చలికాలపు మిగులు, పెద్ద కంపెనీలు లేని మార్కెట్, ఊరి మధ్యలో బూత్, ఇవి కలిసి ఆ రుచిని తయారుచేశాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, కొన్ని మళ్లీ రావు.

డెయిరీ ముందొచ్చింది, సంఘాలు తర్వాత

గుజరాత్‌లోని ఆనంద్ ప్రాంతంలో 1946లో రైతులు ముందు సంఘం పెట్టుకున్నారు, ఆ తర్వాత డెయిరీ కట్టుకున్నారు. ఇక్కడ వరస తిరగబడింది. 1960వ దశకంలో యూనిసెఫ్ సాయంతో సమగ్ర పాల పథకం కింద ప్రభుత్వమే డెయిరీలు, శీతలీకరణ కేంద్రాలు కట్టింది. పెరుగుతున్న హైదరాబాద్‌కు పాలు అందించడం అప్పటి అవసరం. జిల్లాల్లో పాలు పట్టి, చల్లబరిచి, ట్యాంకర్లలో రాజధానికి పంపాలన్నది ఏర్పాటు. 1974లో ఆ పని డెయిరీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు మారింది. 1981లో ఆంధ్రప్రదేశ్ డెయిరీ డెవలప్‌మెంట్ సహకార సమాఖ్య ఏర్పడింది.

1981లో సమాఖ్య రావడానికి ఒక కారణం ఉంది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ రెండో దశలోకి అడుగుపెట్టింది అప్పుడే. ఐరోపా దేశాలు ఉచితంగా ఇచ్చిన పాలపొడిని, బటర్ ఆయిల్‌ను ఇక్కడ పాలుగా కలిపి అమ్మి, వచ్చిన డబ్బుతో డెయిరీలు పెంచాలన్నది ఆ పథకం ఎత్తుగడ. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు నుంచి సాయం కావాలంటే ఆనంద్ నమూనా ఉండాలి. అంటే ఊళ్లో సంఘం, జిల్లాకో యూనియన్, పైన రాష్ట్ర సమాఖ్య. అప్పటిదాకా సర్కారు శాఖలా నడిచిన వ్యవస్థకు సహకార చొక్కా తొడిగారు. లోపలి మనిషి పెద్దగా మారలేదు. అధికారి పెత్తనం, రైతు సభ్యత్వం రెండూ ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి. తర్వాతి గొడవలకు మూలం ఇక్కడే ఉంది.

వరంగల్‌లో ఈ పాలకు గిరాకీ ఉండడానికి ఊరి స్వభావమే కారణం. 1934లో పెట్టిన అజంజాహీ మిల్లు, కాజీపేట రైల్వే కాలనీలు, 1959లో వచ్చిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఏడు మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976 నాటి కాకతీయ యూనివర్సిటీ. ఇవన్నీ నెల జీతం మీద బతికే కుటుంబాలను, హాస్టల్ పిల్లలను ఒకచోటికి చేర్చాయి. సొంత బర్రె లేనివాళ్లు, ఇంటికి పాలు పోసే మనిషి నీళ్లు కలుపుతున్నాడని రోజూ గొణుక్కునేవాళ్లు, వీళ్లందరికీ సీలు వేసిన ప్యాకెట్ ఒక భరోసాగా కనిపించింది. పాలు చిక్కగా ఉన్నాయా అన్నది రెండో సంగతి. ఈ రోజు ఎంత చిక్కగా ఉన్నాయో రేపూ అంతే ఉంటాయన్నది మొదటి సంగతి.

ఊళ్లవైపు చూస్తే లెక్క వేరు. పత్తి, వరి మీద ఆధారపడ్డ ఇంట్లోకి డబ్బు పంట అమ్మినప్పుడే వస్తుంది. పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది. పొద్దున, సాయంత్రం పాల కేంద్రంలో క్యాన్ దించి, నమూనా తీయించి, ఫ్యాట్ (కొవ్వు శాతం) ఎంత వచ్చిందో చూసుకోవడం ఊరి దినచర్యలో భాగమైంది. "ఇయ్యాల ఫ్యాట్ రాలే" అన్న మాటలో బర్రె మీద కోపం కొంత, కొలిచినవాడి మీద అనుమానం కొంత. పట్నం జ్ఞాపకంలో విజయ అంటే బాదం పాలు. ఊరి జ్ఞాపకంలో విజయ అంటే ఫ్యాట్ మిషను, బాకీ పుస్తకం. పాత రోజుల ముచ్చట్లలో ఎక్కువగా వినిపించేది మొదటిదే.

చలికాలం వెన్న, ఎండాకాలం ఐస్‌క్రీమ్

డెయిరీలు ఐస్‌క్రీమ్ ఎందుకు చేస్తాయన్న ప్రశ్నకు జవాబు బర్రె ఈత కాలంలో ఉంది. ఆవుతో పోలిస్తే బర్రెకు కాలం పట్టింపు ఎక్కువ. వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా ఎక్కువ బర్రెలు ఈనుతాయి. పచ్చిగడ్డి, వరిగడ్డి దొరికే రోజులు కూడా అవే. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పాలు పొంగిపొర్లుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి మేత ఎండి, ఎండలు ముదిరి, పాలు పడిపోతాయి. సరిగ్గా అప్పుడే పట్నంలో మజ్జిగకు, లస్సీకి, ఐస్‌క్రీమ్‌కు గిరాకీ లేస్తుంది. పాలు ఉన్నప్పుడు తాగేవాళ్లు తక్కువ, తాగేవాళ్లు ఉన్నప్పుడు పాలు తక్కువ.

ఈ ఎడం పూడ్చడానికి డెయిరీ చలికాలపు పాలను రెండుగా విడగొట్టి దాస్తుంది. కొవ్వును వెన్నగా గడ్డకట్టించి శీతల గదిలో పెడుతుంది. మిగిలిన వెన్న తీసిన పాలను పొడి చేస్తుంది. ఎండాకాలంలో రెండింటినీ నీళ్లతో కలిపి మళ్లీ పాలుగానో, ఐస్‌క్రీమ్ మిశ్రమంగానో మారుస్తుంది. మే నెలలో కప్పులో తినే ఐస్‌క్రీమ్‌లో చాలా భాగం డిసెంబర్‌లో పిండిన పాలే కావచ్చు. పాత రోజుల్లో అంతా తాజా పాలతో చేసేవారన్న నమ్మకం ముచ్చటగానే ఉంటుంది కానీ, డెయిరీ సాంకేతికత అలా నడవలేదు.

బర్రె పాలలో కొవ్వు సుమారు 6 నుంచి 8 శాతం ఉంటుంది. టోన్డ్ పాలలో, అంటే కొవ్వు తగ్గించి అమ్మే పాలలో, ఉండాల్సింది 3 శాతం. ఈ టోన్డ్ పాల పద్ధతి 1946లో బొంబాయిలో దారా ఖురోడీ మొదలుపెట్టినది. ఆరున్నర శాతం కొవ్వున్న వెయ్యి లీటర్ల బర్రె పాల నుంచి టోన్డ్ స్థాయికి కొవ్వు తీస్తే సుమారు 35 కిలోల కొవ్వు చేతిలో మిగులుతుంది. దాన్ని నెయ్యి చేస్తే ఇంచుమించు అంతే బరువు నెయ్యి. ఐస్‌క్రీమ్ చేస్తే? నిబంధన ప్రకారం ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి, లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలి. అంటే లీటరుకు దాదాపు 52 గ్రాముల కొవ్వు. ఆ 35 కిలోలతో 650 లీటర్లకు పైగా ఐస్‌క్రీమ్ తయారవుతుంది. పాలు అమ్ముకుంటూనే పక్కనుంచి వచ్చే సరుకు ఇది. టోన్డ్ పాలు ఎక్కువగా అమ్మే ఏ బర్రె పాల డెయిరీ అయినా నెయ్యి, ఐస్‌క్రీమ్, పాలకోవా వైపు వెళ్లక తప్పదు. విజయ నెయ్యికి పేరు రావడం వెనక చేతిచలువ కన్నా ఈ మిగులు కొవ్వు పాత్ర ఎక్కువ.

లీటరు ఐస్‌క్రీమ్ సగం కిలోకు కాస్త పైన మాత్రమే తూగుతుందన్న మాట వింతగా అనిపించవచ్చు. మిగతాది గాలి. మిశ్రమాన్ని గడ్డకట్టిస్తూ చిలికినప్పుడు గాలి లోపలికి పోతుంది, పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. గాలి బొత్తిగా లేకపోతే ఐస్‌క్రీమ్ రాయిలా ఉంటుంది. ఎక్కువైతే నురగలా నోట్లో మాయమవుతుంది. పాత చిన్న ఫ్యాక్టరీల యంత్రాలు ఇప్పటి వాటిలా గాలి ఎక్కించలేకపోయేవి. అప్పటి ఐస్‌క్రీమ్ చెంచాకు బరువుగా తగిలేదన్న జ్ఞాపకానికి ఇది కొంత ఆధారం. మొత్తం ఆధారం అనలేం. చిన్నప్పుడు చెంచా కూడా చెక్కదే, కప్పు కూడా చిన్నదే.

జ్ఞాపకంలో కలిసిపోయిన చల్లటి సరుకులు

అప్పట్లో చల్లటిది అంటే ఒకే వస్తువు కాదు. వీధిలోకి సైకిల్ మీద చెక్కపెట్టె కట్టుకుని, మూత టపటపలాడిస్తూ వచ్చేది పుల్ల ఐస్, కొన్నిచోట్ల ఐస్ ఫ్రూట్ అంటారు. నీళ్లు, రంగు, తీపి. ఊరి ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పునీటి తొట్టెలో రేకు అచ్చులు ముంచి గడ్డకట్టించినది. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా కిందికి పోయినా గడ్డకట్టవు కాబట్టి అచ్చులోని తీపి నీళ్లు ముందు గడ్డకడతాయి. పాల ఐస్, సేమియా ఐస్ దాని అన్నదమ్ములు. వీటిలో పాలు పేరుకే ఉండేవి. పల్లెల్లో పైసలు లేకపోతే దోసెడు వడ్లు ఇచ్చి కొనుక్కునేవాళ్లు.

కప్పు ఐస్‌క్రీమ్ వేరే తరగతి. దానికి సున్నా కింద 18 డిగ్రీల చలి నిరంతరం ఉండాలి. కరెంటు కోతల కాలంలో అది కుదిరేది కాదు. కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టిన ప్రతిసారీ లోపలి మంచు రవ్వలు పెద్దవవుతాయి, నాలుకకు ఇసుకలా తగులుతుంది. పాత ఐస్‌క్రీమ్ "పలుకు పలుకుగా" ఉండేదని ఇష్టంగా చెప్పుకునేవాళ్లు నిజానికి చెప్పేది కరెంటు కోత రుచి గురించే.

ఇక మూడోది సీసాలో ఫ్లేవర్డ్ మిల్క్. ఇది ఐస్‌క్రీమ్ కన్నా ఎక్కువ ఊళ్లకు చేరడానికి కారణం దాని తయారీలోనే ఉంది. సీసాలో పోసి మూత బిగించాక సీసాతో సహా వేడిచేసి సూక్ష్మజీవులను చంపుతారు. తెరవనంతసేపు ఫ్రిజ్ అక్కర్లేదు. ఆ వేడికి పాలలోని చక్కెరలు, మాంసకృత్తులు కలిసి కాస్త గోధుమ రంగు, కాచిన వాసన వస్తాయి. బాదం పాలలో ఉందనుకునే ఆ కోవా వాసనలో బాదం వంతు కన్నా ఈ వేడి వంతు పెద్దది. రైల్వే ప్లాట్‌ఫాం మీద, జాతర దారుల్లో, ఊరి బస్టాపుల్లో డెయిరీ పేరు ఐస్‌క్రీమ్‌తో పోయే వీలు లేనప్పుడు సీసాతో పోయింది.

బూత్ ఎందుకు గుర్తుండిపోయింది అన్నది కూడా చూడాలి. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి మనిషికి మిగతా వాటికన్నా ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ వయసులో కాలేజీ, ఆసుపత్రి, బస్టాండు, మొదటి ఉద్యోగం ఉంటాయి. పాల బూత్‌లు సరిగ్గా ఆ చోట్లలోనే ఉండేవి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రోగి పక్కన రాత్రంతా కూర్చున్న మనిషికి తెల్లవారుజామున దొరికే వేడి పాల గ్లాసు రుచిని ఏ డెయిరీ ప్రకటనా తయారుచేయలేదు.

పేరు ఎలా చీలింది

1991లో డెయిరీ రంగంలో లైసెన్సుల విధానం సడలింది. 1992లో హెరిటేజ్ వచ్చింది, 1995లో దొడ్ల వచ్చింది. అంతకుముందు నుంచే ఉన్న జెర్సీ విస్తరించింది. రైతుకు పాలు పోయడానికి ఇంకో కేంద్రం దొరికింది, పట్నంవాళ్లకు ఇంకో ప్యాకెట్ దొరికింది. సర్కారు పెత్తనం కింద ఉన్న సహకార డెయిరీలకు ఇబ్బంది అక్కడ మొదలైంది. ధర మార్చాలన్నా, యంత్రం కొనాలన్నా ఫైలు కదలాలి. పక్కనున్న ప్రైవేటు డెయిరీ సాయంత్రానికి ధర మారుస్తుంది.

ఆ నేపథ్యంలోనే 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, ప్రభుత్వ జోక్యం లేకుండా సంఘాలు తమ బైలాల ప్రకారం నడుచుకోవచ్చన్నది దాని సారం. దేశంలో అలాంటి చట్టాల్లో ఇదే మొదటిది. చాలా జిల్లా పాల యూనియన్లు దీని కిందికి మారాయి. గుంటూరు యూనియన్ సంగం అన్న పేరుతో, విశాఖ యూనియన్ తన ఊరి పేరుతో పోయాయి. కృష్ణా యూనియన్, నంద్యాలలో ఉన్న కర్నూలు యూనియన్ విజయ పేరునే అట్టిపెట్టుకున్నాయి. తికమకకు పునాది ఇదే.

2006లో ప్రభుత్వం మనసు మార్చుకుంది. చట్టాన్ని సవరించి, పాల సంఘాలను వెనకటి తేదీ నుంచే ఈ చట్టం పరిధి నుంచి తీసేసి, పాత సహకార చట్టం కిందికి తేవాలని చూసింది. యూనియన్లు కోర్టుకెక్కాయి. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది. ఒకసారి స్వేచ్ఛగా నడుస్తున్న సంఘాన్ని మళ్లీ సర్కారు గుప్పిట్లోకి లాగడం రాజ్యాంగం ఇచ్చిన సంఘ స్వేచ్ఛకు విరుద్ధమన్నది తీర్పు సారాంశం. ఆ కేసు సహకార రంగానికి మైలురాయిగా మిగిలింది. సామాన్య వినియోగదారుకు మాత్రం అర్థమైంది ఒకటే: ఇక విజయలు కలవవు.

2014 తర్వాత ఉమ్మడి సమాఖ్య కూడా రెండయింది. తెలంగాణ సమాఖ్య తన ప్యాకెట్ మీద 'విజయ తెలంగాణ' అని వేసుకుంది. ఆంధ్రప్రదేశ్ వైపు సమాఖ్య బలహీనపడి, 2020 చివర్లో మొదలైన ప్రభుత్వ పథకంతో పాల సేకరణ అమూల్ చేతికి కొంత వెళ్లింది. ఆ కథ వేరు. ఇక్కడ కావలసింది ఒక్క సంగతి. తెలంగాణ దుకాణంలో కనిపించే రెండు విజయల్లో ఒకటి ఈ రాష్ట్ర సమాఖ్యది, రెండోది సాధారణంగా విజయవాడ కేంద్రంగా పనిచేసే కృష్ణా యూనియన్‌ది. రెండూ పాత విజయ వారసులే. ఒకదాన్ని నకిలీ అనడం చరిత్రతో సరిపోదు.

ఉత్తర తెలంగాణలో పక్కపక్కనే వేరువేరు దారులు

వరంగల్ చుట్టుపక్కల ఈ చీలిక ఫలితాలు ఒకేచోట కనిపిస్తాయి. వరంగల్ వైపు సమాఖ్య నీడలోనే ఉండిపోయింది. కరీంనగర్ వేరు దారి పట్టింది. అక్కడి పాల ఉత్పత్తిదారులు సమాఖ్య నుంచి బయటికొచ్చి, తర్వాత ప్రొడ్యూసర్ కంపెనీగా మారారు. 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ ఈ రూపానికి వీలు కల్పించింది. సభ్యులు రైతులే, ఒక్కో సభ్యుడికి ఒకే ఓటు, కానీ నడక కంపెనీ నడక. కరీంనగర్ డెయిరీ అన్న పేరు ఇప్పుడు వరంగల్ దుకాణాల్లోనూ పరిచయమైనదే.

మూడోది ముల్కనూర్. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఉన్న ఊరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు వల్ల ఆ ఊరికి అప్పటికే పేరుంది. 2000వ దశకం మొదట్లో అక్కడి మహిళలు 1995 చట్టం కిందే సొంత డెయిరీ పెట్టుకున్నారు. సభ్యులు, పాలకవర్గం అందరూ ఆడవాళ్లే. ప్యాకెట్ మీద పేరు స్వకృషి. పాల పైసలు ఎవరి చేతికి రావాలన్న ప్రశ్నకు వేరే ఏ డెయిరీ ఇంత సూటిగా జవాబు చెప్పలేదు. ముప్పై ఏళ్ల తర్వాత హనుమకొండ పిల్లల జ్ఞాపకాల్లో విజయ స్థానంలో స్వకృషి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఆదిలాబాద్ వైపు ఇంకో ముడి ఉంది. ఆ జిల్లాకు హైదరాబాద్ కన్నా నాగ్‌పూర్ దగ్గర. నాగ్‌పూర్‌లో 1932లో రాణా అన్నదమ్ములు మొదలుపెట్టిన దిన్‌షాస్ పాల డెయిరీగా పుట్టి ఐస్‌క్రీమ్‌తో పేరు తెచ్చుకుంది. సరిహద్దు ఊళ్లలో పాత ఐస్‌క్రీమ్ ముచ్చట్లలో ఆ పేరు వినిపిస్తే అందులో వింతేమీ లేదు. చల్లటి సరుకు దూరం పోలేదు కాబట్టి, రాష్ట్రం హద్దు కన్నా లారీ ప్రయాణం గంటలే బ్రాండ్ హద్దును నిర్ణయించాయి.

తెలంగాణ ఏర్పడ్డాక విజయకు పాలు పోసే రైతులకు లీటరుకు రూ.4 ప్రోత్సాహకం ప్రకటించారు. 2017లో దాన్ని కరీంనగర్, ముల్కనూర్, నల్గొండ-రంగారెడ్డి సహకార డెయిరీలకూ విస్తరించారు. అంటే విడిపోయిన సంఘాలకూ సర్కారు సాయం చేరింది. ప్రోత్సాహకం పాలను పెంచుతుందా, లేక ప్రైవేటు కేంద్రానికి పోయే పాలను ఇటు మళ్లిస్తుందా అన్నది చర్చనీయం. రెండోదానికే అవకాశం ఎక్కువ. బర్రె సంఖ్య నాలుగు రూపాయలతో పెరగదు, క్యాన్ దించే చోటు మాత్రం మారుతుంది. బిల్లు ఆలస్యమైతే అదే క్యాన్ మళ్లీ పాత చోటికి పోతుంది.

కప్పు మీద ఏముందో

ఐస్‌క్రీమ్ తయారీ 1997 దాకా చిన్న పరిశ్రమలకు కేటాయించిన రంగం. పెద్ద కంపెనీలు సొంత ఫ్యాక్టరీలతో విస్తరించడానికి వీల్లేదు. దేశమంతా ఊరికో ఐస్‌క్రీమ్ పేరు ఉండడానికి ఇదే ముఖ్య కారణం. 1940లో ఢిల్లీలో పుట్టిన క్వాలిటీ, క్యాడ్‌బరీ వాళ్ల డాలప్స్, మిల్క్‌ఫుడ్ వంటి పాత పేర్లు 1990వ దశకంలో ఒకదాని వెంట ఒకటి హిందుస్తాన్ లీవర్ గూటికి చేరాయి. క్వాలిటీ వాల్స్ అలా వచ్చింది. 2025లో ఆ కంపెనీ తన ఐస్‌క్రీమ్ వ్యాపారాన్ని వేరే కంపెనీగా విడదీసింది. సబ్బులు, టీపొడి అమ్మే పద్ధతి వేరు, గడ్డకట్టిన సరుకు అమ్మే పద్ధతి వేరు అన్నది వెనకున్న వాదన.

పెద్ద కంపెనీల రాకతో పాటు ఫ్రోజెన్ డిజర్ట్ వచ్చింది. ఐస్‌క్రీమ్‌లో కొవ్వు పాలదే కావాలి. ఫ్రోజెన్ డిజర్ట్‌లో వంటనూనె కొవ్వు వాడొచ్చు, ఆ మాట కప్పు మీద రాయాలి. పాల కొవ్వు కన్నా నూనె కొవ్వు చాలా చవక, ధర ఋతువును బట్టి అంతగా ఊగదు. రెండూ చట్టబద్ధమే, విషం ఏదీ కాదు. 2017లో అమూల్ తన ప్రకటనల్లో ఫ్రోజెన్ డిజర్ట్‌ను వనస్పతితో ముడిపెట్టినప్పుడు హిందుస్తాన్ యునిలివర్ (పాత హిందుస్తాన్ లీవర్) బొంబాయి హైకోర్టుకు వెళ్లి ఆ ప్రకటనలు ఆపించింది. ప్రకటన ఆగింది కానీ, రెంటికీ తేడా ఉందన్న సంగతి ఆ గొడవతోనే ఎక్కువమందికి తెలిసింది.

పాత రుచి పోయిందన్న మాటకు ఇక్కడ గట్టి ఆధారం దొరుకుతుంది. పాల కొవ్వు శరీర ఉష్ణోగ్రతకు కాస్త కింద, విడతలు విడతలుగా కరుగుతుంది, దానికి సొంత వాసన ఉంటుంది. నూనె కొవ్వుకు వాసన ఉండదు, పైనుంచి ఎసెన్స్ తేవాలి. పాత డెయిరీ వెనిల్లాలో నిజానికి వెనిల్లా తక్కువ, నెయ్యి వాసన ఎక్కువ. ఇప్పటి కప్పు ఆ వాసన ఇవ్వకపోతే ముందు చదవాల్సింది దాని మీది చిన్న అక్షరాలు.

ఫ్రీజర్ ఎవరిదైతే అమ్మకం వాళ్లది

పాత బ్రాండ్ మీద ఇంత మమకారం ఉన్నప్పుడు అమ్మకాలు ఎందుకు తిరిగి రావన్నది తరచూ వినిపించే ప్రశ్న. జవాబు కిరాణా కొట్టు గుమ్మంలో ఉంది. ఐస్‌క్రీమ్ కంపెనీలు దుకాణాలకు డీప్ ఫ్రీజర్ ఇస్తాయి, అందులో తమ సరుకే పెట్టాలన్న షరతుతో. చిన్న కొట్లో రెండో ఫ్రీజర్‌కు చోటుండదు, కరెంటు బిల్లూ భారమే. పిల్లవాడు ఏది తింటాడన్నది చాలావరకు ఆ ఒక్క ఫ్రీజర్ తేల్చేస్తుంది. పాల ప్యాకెట్‌కు ఇలాంటి తాళం లేదు. అందుకే పాలలో పాత పేర్లు నిలదొక్కుకున్నంతగా ఐస్‌క్రీమ్‌లో నిలవలేదు. విజయకు ఫ్రీజర్ అంటే సొంత బూతే. బూత్‌లు తగ్గినచోట ఐస్‌క్రీమ్ కూడా తగ్గింది.

పోటీ ఇంకా బిగుసుకుంటోంది. 1970లో చెన్నైలో మొదలైన అరుణ్ ఐస్‌క్రీమ్స్ మాతృసంస్థ హట్సన్‌కు జహీరాబాద్ దగ్గర గోవింద్‌పూర్‌లో పెద్ద ఫ్యాక్టరీ ఉంది. 2021 చివర్లో అమూల్ సిద్దిపేట జిల్లా వర్గల్‌లో రూ.500 కోట్లతో ప్లాంటు పెట్టేందుకు తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. తెలంగాణ సమాఖ్య కూడా చేతులు ముడుచుకోలేదు. రంగారెడ్డి జిల్లా రావిర్యాలలో దాదాపు రూ.250 కోట్లతో కట్టిన మెగా డెయిరీ 2023 అక్టోబర్‌లో ప్రారంభమైంది. 2024లో ఆలయాల ప్రసాదాలకు విజయ నెయ్యే వాడాలని దేవాదాయ శాఖ సూచించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐస్‌క్రీమ్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు, నెయ్యి, వెన్నల మీద 12 నుంచి 5కు తగ్గింది.

కొత్త డెయిరీ, గుడి నెయ్యి, పన్ను తగ్గింపు, ఈ మూడింటిలో పాత బ్రాండ్‌కు ఎక్కువ మేలు చేసేది నెయ్యి గిరాకీ అనిపిస్తుంది. నెయ్యికి ఫ్రీజర్ అక్కర్లేదు, షరతుల తాళం లేదు, పేరు మీద నమ్మకం నేరుగా ధరగా మారుతుంది. అయితే దానికో మెలిక ఉంది. కొవ్వు ఒక్కటే. గుడి నెయ్యికి పోయిన కొవ్వు ఐస్‌క్రీమ్‌కు రాదు. నెయ్యి ఆర్డర్లు పెరిగితే చలికాలంలో దాచిన వెన్నంతా వేసవికి ముందే నెయ్యి డబ్బాల్లోకి పోతుంది. అప్పుడు ఏప్రిల్‌లో డెయిరీ ముందుండేవి రెండే దారులు: బయట ఖరీదైన వెన్న కొని ఐస్‌క్రీమ్ చేయడం, లేదా బూత్ ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ పెట్టె ఉండే చోట మజ్జిగ ప్యాకెట్లు నింపడం. మజ్జిగలో కొవ్వు అక్కర్లేదు, ఎండాకాలం అమ్మకానికి ఢోకా లేదు. లెక్క చూసే మేనేజర్ ఎటు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు.